జేజి పలక, నీ జర్మన్

నెల్లూరు

చిరంజీవి పాపకు అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నగారి మోకాలి నొప్పి కాస్త తగ్గింది గానీ, మేడ మెట్లు ఎక్కవద్దంటే వినరు. నిమ్మచెట్టు ఈసారి విరగకాసింది. నువ్వు ఫోన్ చేసి నేటికి 19 రోజులైంది. ఆసుపత్రిలో పని ఎక్కువగా ఉందనుకుంటున్నాను, అంతకు మించి ఏమీ అనుకోవడం లేదు.

మొన్న పెళ్లిలో కావలి అత్త కలిసింది. ఆమె మాటల్లో సగం కొట్టివేయాలని నీకూ తెలుసు. జర్మన్ భాష బి2 స్థాయి పరీక్షలో మాట్లాడే భాగం పోయిందనీ, నువ్వు సాయంత్రపు తరగతులు మానేశావనీ, "31 ఏళ్లొచ్చాక నా బుర్రకు కొత్త భాష ఎక్కదు" అని బుజ్జితో అన్నావనీ చెప్పింది. పరీక్ష పోయిందని నాకేమీ బాధ లేదు. ఆ చివరి మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది, ఎందుకంటే ఆ మాట నేను ఈ ఇంట్లోనే ఒకసారి విన్నాను.

1991లో జిల్లాలో పెద్దలకు చదువు నేర్పే అక్షర దీపం ఉద్యమం మొదలైనప్పుడు మన వీధి రాత్రిబడికి నేనే వాలంటీరును. లాంతరు చుట్టూ కూర్చున్న పదిహేను మంది ఆడవాళ్లలో మీ జేజి ఒకరు. అప్పటికి ఆవిడకు 58 ఏళ్లు. కోడలి ముందు పలక పట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో అప్పట్లో నాకు తట్టలేదు. ప, వ, మ అక్షరాల మధ్య తేడా ఆవిడకు ఎంతకూ చిక్కేది కాదు. మూడో వారంలో నేను ఒక మాట గట్టిగా అన్నాను. ఆవిడ పలకను గాదె వెనక్కి తోసేసి, "మొక్కై వంగనిది మానై వంగునా" అని వెళ్లి పడుకున్నారు. పదకొండు రోజులు బడివైపు చూడలేదు, నాతో కూడా ముక్తసరిగానే మాట్లాడారు. ఆ రోజుల్లో మీ తాతయ్య సంగతి నీకు వేరే చెప్పనక్కరలేదు. పన్నెండో రోజు పొద్దుగూకే వేళ ఆయనను పిలుచుకు రావడానికి వెళ్లిన ఆవిడ, దుకాణం గోడ మీద సున్నంతో రాసిన రెండక్షరాలను చూస్తూ నిలబడిపోయారట. అంతకుముందు వందసార్లు ఆ గోడ ముందు నుంచే నడిచారు. ఇంటికి వచ్చి, గాదె వెనక నుంచి పలక తీసి, చీరకొంగుతో దుమ్ము తుడిచి, వంకర టింకరగా 'సారా' అని రాసి, "ఇదేనా?" అని అడిగారు. నేను, బుద్ధిలేనిదాన్ని, రెండో దీర్ఘం సరిగా పెట్టలేదన్నాను. ఆవిడ దాన్ని చెరిపి మళ్లీ రాశారు. మర్నాటి నుంచి ముందు వరుసలో కూర్చున్నారు. 1992లో ఊరి ఆడవాళ్లు సారా వద్దని పెట్టిన అర్జీ మీద వేలిముద్ర కాక సంతకం చేసిన వాళ్లలో ఆవిడ ఉన్నారు. అలాగని ఒక్క రాత్రిలో అన్నీ వచ్చేశాయని అనుకోకు. ఉత్తరం తనంతట తాను చదువుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది, మకారం చివరిదాకా తప్పే రాసేవారు.

ఆ వయసులో ఆవిడ నేర్చుకోగలిగింది మొండితనం వల్లేనని చాలాకాలం అనుకున్నాను. రిటైరయ్యాక చదివే తీరిక దొరికి కొంత తెలుసుకున్నాను. నువ్వుంటున్న లైప్‌జిగ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు మరికొందరితో కలిసి, లక్నో దగ్గరి పల్లెల్లో చదువురాని పెద్దలకు ఆరు నెలలు దేవనాగరి నేర్పించి, ముందూ తర్వాతా వారి మెదడును స్కాన్ చేసి 2017లో ఫలితాలు ప్రకటించారు. మార్పు పైపొరకే పరిమితం కాలేదట, లోపల ఉండే థాలమస్ అనే భాగం వరకు, మెదడు కాండం వరకు కనిపించిందట. మానులు వంగుతాయన్నమాట, పాపా! అయితే రేగెన్స్‌బుర్గ్‌లో మూడు బంతులు ఎగరేయడం నేర్చుకున్నవాళ్ల కథ కూడా వినాలి. మూడు నెలల సాధనతో వారి మెదడులో పెరిగిన భాగం, సాధన మానేశాక మళ్లీ తగ్గిందని 2004లో రాశారు. తరగతులు మానవద్దని నేను చెప్పడం లేదు, ఊరికే ఉన్న సంగతి చెబుతున్నాను.

ఇందులో తప్పు మాది కూడా. చిన్నప్పుడు వచ్చినవాళ్లందరి ముందూ నిన్ను "పుట్టు తెలివైన పిల్ల" అని చెప్పుకున్నాం. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఐదో తరగతి పిల్లల మీద చేసిన పరీక్షల గురించి చదివినప్పుడు గుండె కలుక్కుమంది. తెలివిని మెచ్చుకున్న పిల్లలు ఆ తర్వాత తేలిక ప్రశ్నలవైపు మొగ్గారు, తప్పినప్పుడు త్వరగా నీరుగారిపోయారు, కొందరైతే మార్కులు ఎక్కువ చేసి చెప్పుకున్నారు. శ్రమను మెచ్చుకున్న పిల్లలు కష్టమైన ప్రశ్నలు కోరారు. పరీక్ష పోయిన సంగతి నాకు కాక బుజ్జికి చెప్పావంటే, ఆ పొగడ్త నిన్ను ఇంకా వదలలేదేమో. నమ్మకం ఒక్కటే ఉంటే చాలుననే వాళ్ల మాట మాత్రం పట్టించుకోకు. అమెరికాలో 12,000 మందికి పైగా తొమ్మిదో తరగతి పిల్లల మీద చేసి 2019లో ప్రకటించిన అధ్యయనంలో, వెనకబడిన పిల్లలకు 'తెలివి సాధనతో పెరుగుతుంది' అని నమ్మించే పాఠం వల్ల మార్కుల్లో కలిగిన మేలు నాలుగు పాయింట్ల కొలమానంలో సుమారు 0.1 మాత్రమే. మిగతాది కూర్చుని చేసే పనే.

నిద్ర తగ్గించి చదవకు. పగలు నేర్చుకున్నది నిద్రలో బాగా కుదురుకుంటుంది, నైట్ డ్యూటీలు చేసేదానివి కాబట్టి మరీ మరీ చెబుతున్నాను. వార్డులో ఆ ముసలివాళ్లతో తప్పులతోనైనా మాట్లాడు, వాళ్లకు మాట్లాడేవాళ్లు కావాలి. జర్మన్ నామవాచకాల ముందు పెట్టే డెర్, డీ, డాస్ తారుమారైతే ఎవరూ చావరు. రొట్టెలతో సరిపెట్టుకోకుండా రోజుకొక్కసారైనా అన్నం వండుకో. ఉన్ని మేజోళ్లు వేసుకుంటున్నావో లేదో.

కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ పంపుతున్నాను. నెయ్యి మాత్రం పాలపదార్థమని కొరియర్ అబ్బాయి తీసుకోలేదు. ఆదివారం నిద్ర లేచాక ఫోన్ చెయ్యి. నాతో కాసేపు జర్మన్‌లో మాట్లాడు, నాకు అర్థం కాదు కాబట్టి ఈసారి దీర్ఘాలు దిద్దను.

ఆశీస్సులతో,
అమ్మ