మిరప చేలో మజ్జిగతో చేతులు కడుక్కున్న అమ్మకు

కుడి చేతికి మోచేతి వరకు కట్టు ఉంది. ఎడమ చేతి వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి. ఆదివారం సైకిల్ మీది నుంచి పడ్డాను, ఈ రోజు బుధవారం. రెండు రోజులు మందుల మత్తులోనే గడిచాయి. మెలకువ వచ్చినప్పుడల్లా ఆ అమ్మ చేతులే కళ్ల ముందు కదులుతున్నాయి.

ఫోను చేసినవారంతా ఒకటే ప్రశ్న అడిగారు: ఎక్కడ పడ్డారు, అంత దూరం ఎందుకు వెళ్లారు అని. కొత్తగా తొక్కేవారు, అరవై దాటినవారు, కాళ్లలో బలం ఉన్న కుర్రవాళ్లు అందరూ ఒకే దారిలో వెళితే ఎవరికీ సుఖం ఉండదు. ముందున్నవారు విసుక్కుంటారు, వెనుకబడినవారు చిన్నబోయి మళ్లీ రారు. అందుకే ఈ ఫిబ్రవరిలో మా సైకిల్ బృందం మూడు ఆదివారాలకు మూడు దారులు పెట్టుకుంది.

మొదటిది విజయవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి గుహల దాకా. రానూపోనూ 12 కిలోమీటర్లు దాటదు, దారిలో చెప్పుకోదగ్గ ఎత్తు లేదు. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ పొడవు 1,200 మీటర్లకు పైనే. తెల్లవారకముందే దాని మీదికి చేరితే కృష్ణ మీది చల్లగాలి ముఖానికి తగులుతుంది. ముప్ఫై ఏళ్లుగా సైకిల్ ముట్టని మా సహోద్యోగి ఒకరు ఆ రోజు గుహలో పడుకుని ఉన్న అనంతపద్మనాభుని ముందు నిలబడి, సొంత కాళ్ల మీద స్వామి దగ్గరకు వచ్చానని చేతులు జోడించారు. రెండోది కరకట్ట మీదుగా అమరావతికి. ఒకవైపే 30 కిలోమీటర్లకు పైన. నేల చదునే కానీ నీడ తక్కువ, తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి ఎత్తు ఎక్కినంత పని చేయిస్తుంది. మూడు గంటలు సీటు మీద కూర్చోగలిగినవారే దానికి రావాలి.

మూడోది గుంటూరు నుంచి కొండవీడు. దూరం దాదాపు 25 కిలోమీటర్లే గానీ, పేరేచర్ల దాటాక నేల తీరు మారుతుంది. ఒక మెరక ఎక్కగానే పల్లం, పల్లం దిగగానే మళ్లీ మెరక. ఫిరంగిపురం దగ్గర కొండలు పక్కకు వచ్చి నిలబడతాయి. చివరన ఘాట్ రోడ్డు. రెడ్డిరాజులు కట్టించిన కోట అది, 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్నారు. ఆ మలుపుల్లో సైకిల్ తొక్కుతుంటే ఎంత సైన్యం ఎంత కష్టపడి ఎక్కి ఉంటుందో కాళ్లకు తెలిసివస్తుంది. పైకి బాగానే ఎక్కాను. పడింది తిరిగి వచ్చేటప్పుడు, ఘాట్ దిగి ఊళ్ల మధ్యకు వచ్చాక.

ఒక పల్లం దిగుతున్నాను. రోడ్డుకు అడ్డంగా ఎవరో పైపు కోసం తవ్వి, పైన కంకర పోసి వదిలేశారు. అది నాలుగు వేళ్ల లోతు కుంగి ఉంది. ఎండలో రోడ్డూ కంకరా ఒకే రంగులో కనిపించాయి. ముందు చక్రం అందులో దిగింది. తరువాత నాకు గుర్తున్నది ఆకాశం, మిరపకాయల ఘాటు.

పక్క చేలో మిరప కోస్తున్న ఆడవాళ్లు పరుగెత్తుకు వచ్చారు. అందరికన్నా ముందు వచ్చిన ఆమెకు యాభై అయిదేళ్లు ఉంటాయేమో. చీర మీద మగవారి పొడుగు చేతుల చొక్కా, తలకు తువ్వాలు. నా మోకాలి మీదికి వంగి చేయి చాచి, అంతలోనే ఆపేసింది. ఆ చేయి గాలిలో అలాగే ఉండిపోయింది.

"చేతులు కారంగా ఉన్నాయి తల్లీ, ముట్టుకోకూడదు. ఉండు" అని గట్టు మీది వేపచెట్టు దగ్గరకు వెళ్లింది.

మిరప కోసే చేతుల సంగతి గుంటూరు వారికి చెప్పనక్కర లేదు. నీళ్లతో ఎంత కడిగినా ఆ మంట వదలదు. నీళ్లు తేవడానికి వెళ్లిందనుకున్నాను. ఆమె తన అన్నం క్యాను తెరిచి, అందులోని మజ్జిగ సీసా తీసింది. ముందు పొడి మట్టితో రెండు చేతులూ రుద్దుకుంది. తరువాత మజ్జిగ పోసుకుని ఒక్కొక్క వేలూ, గోళ్ల సందులూ తోముకుంది. వేలి కొనను నాలుకకు తాకించి చూసుకుంది. మళ్లీ మజ్జిగ పోసుకుంది, మళ్లీ నాలుకకు తాకించింది. సీసా ఖాళీ అయ్యాకే నా దగ్గరకు వచ్చి, తాగే నీళ్లతో గాయం కడిగి, చర్మంలో దిగిన కంకర ముక్కలు ఒక్కొక్కటిగా తీసింది. మణికట్టు అప్పటికే వాచింది. రెండు కంది పుల్లలు పెట్టి తల మీది తువ్వాలు విప్పి కట్టింది. ఆసుపత్రిలో డాక్టరుగారు ఆ కట్టు చూసి, ఎవరు కట్టారో గానీ ఎముక కదలకుండా భలే కట్టారన్నారు.

మేస్త్రి రెండుసార్లు పిలిచాడు. ఆమె వెళ్లలేదు. నా తల తన ఒడిలో పెట్టుకుని, కళ్లకు ఎండ తగలకుండా కొంగు పట్టుకుంది. "మా పిల్ల కూడా హైస్కూలుకు సైకిల్ మీదే పోయేది. ఇంటికి వచ్చే దాకా నాకు ముద్ద దిగేది కాదు" అంది. మిగతావారు అన్నాలకు కూర్చున్నారు. ఆమె నా పక్కనే కూర్చుని మజ్జిగ లేని అన్నాన్ని మామిడికాయ పచ్చడి బద్దతో పొడి ముద్దలుగా తింది. చేయి విరిగినప్పుడు ఏడవని నేను అది చూసి వెక్కి వెక్కి ఏడ్చాను. నొప్పి ఎక్కువైందనుకుని గబగబా మూత పెట్టి మళ్లీ నా దగ్గరకు జరిగింది. డబ్బు ఇవ్వబోతే, "మజ్జిగకు డబ్బులు తీసుకుంటారా అమ్మా" అని నా సంచిలోనే పెట్టేసింది. పేరు చెప్పింది, కానీ ఎక్కడా రాయవద్దంది. రాయడం లేదు.

అమ్మా, నువ్వు ఇది చదవవని తెలుసు. మీ అమ్మాయి ఫోనులో ఎవరైనా చదివి వినిపిస్తారేమోనని ఆశ. నిన్ను మరిచిపోను.

ఆ కంకర గురించి కూడా చెప్పాలి. అంతకు ముందు ఇద్దరు మోటారు సైకిళ్ల మీద అక్కడే పడ్డారని ఆ ఆడవాళ్లే చెప్పారు. తవ్వినవారికి పూడ్చే బాధ్యత లేదా? పూడ్చే దాకా ఒక కర్రకు ఎర్ర గుడ్డ కట్టి పాతడానికి ఎంత ఖర్చవుతుంది? రోడ్డు వెడల్పు చేస్తారు, తెల్ల గీత గీస్తారు, ఆ గీతకు అవతల సైకిల్ వెళ్లేంత గట్టి నేల మాత్రం ఉంచరు. ఆ రోడ్ల మీద సరదాకు తిరిగే మేము ఎంతమందిమి? బడికి వెళ్లే పిల్లలు, పాలు పోసేవారు, కూలికి వెళ్లేవారు రోజూ ఆ గోతులు దాటుతున్నారు. ఫిర్యాదు ఇవ్వడానికి ఫోను చేస్తే ఆ రోడ్డు తమది కాదని ఒక కార్యాలయం, తమది కాదని ఇంకో కార్యాలయం చెప్పాయి. చేయి బాగుపడగానే స్వయంగా వెళ్లి రాసిస్తాను.

మావారు, అబ్బాయి వెంటనే వచ్చారు. ఇల్లంతా అత్తయ్యగారే చూసుకుంటున్నారు.

108 సిబ్బందికి, దారి పొడవునా మాట్లాడిస్తూ నన్ను నిద్రపోనివ్వని ఆ తమ్ముడికి కృతజ్ఞతలు. తన ప్రయాణం మానుకుని నాతో ఆగిపోయిన మా బృందంలోని ఇంజనీరింగ్ విద్యార్థినికి కూడా. అయ్యో, పొద్దున పేరేచర్లలో సైకిళ్లకు గాలి కొట్టి డబ్బు వద్దన్న పంక్చర్ల షాపు బాబాయిగారిని మరిచిపోయాను. ఎక్స్-రే గది బయట తన కుర్చీ ఇచ్చి గంటసేపు నిలబడిన పెద్దాయనను కూడా.

నా సైకిల్ ఇంకా ఆ అమ్మ ఇంటి వసారాలోనే ఉంది. వర్షం పడితే తడవకుండా లోపల పెట్టానని నిన్న ఫోను చేసి చెప్పింది. కట్టు విప్పాక తెచ్చుకోవడానికి వెళతాను. వచ్చే ఆదివారం మళ్లీ ఉండవల్లి దారి యథాప్రకారం ఉంటుంది, ఉదయం ఆరు గంటలకు బ్యారేజీ దగ్గరకు రండి. ఎవరూ మానకండి.