గర్భసంచికి కుడేమిటి, ఎడమేమిటి!

ఒసేయ్ సునీతా,

ఎలా ఉన్నావే? ఫోన్ చేస్తే పక్కనే అత్తయ్య ఉంటారు, నోరు విప్పలేను. అందుకే ఈ ఉత్తరం.

నా గుండె కుడివైపు ఉందని హాస్టల్లో అందరూ చెయ్యి పెట్టి చూసేవాళ్లు, గుర్తుందా? గుండె ఒక్కటే కాదు, కాలేయం ఎడమకి, జీర్ణాశయం కుడికి, అన్నీ అద్దంలో బొమ్మలా తిరగబడ్డాయి. సైటస్ ఇన్వర్సస్ అంటారు. సుమారు 10,000 మందిలో ఒకరికి ఉంటుందట. పిల్లలు పుట్టకపోవడానికి అదే కారణమని మావాళ్లు తీర్మానించేశారు. గర్భసంచి ఉండేది మధ్యలో, అండాశయాలు చెరోవైపు. వాటికి కుడేమిటి, ఎడమేమిటి!

కొత్త డాక్టరమ్మ అడిగింది మాత్రం నా దగ్గు గురించి. చిన్నప్పటి నుంచీ వదలని ఆ కఫం, సైనస్ నీకు తెలిసినవే. సీటీ తీస్తే ఊపిరితిత్తుల గొట్టాలు వెడల్పయి ఉన్నాయి. అవయవాల తారుమారు, సైనస్, ఈ వెడల్పయిన గొట్టాలు, మూడూ కలిస్తే కార్టజెనర్ సిండ్రోమ్. 1933లో జ్యూరిక్ డాక్టరు కార్టజెనర్ రాసినది. అసలు లోపం సీలియాలో, అంటే కంటికి కనబడని సన్నని నూగులో. పిండంలో ఏ అవయవం ఎటు ఉండాలో తేల్చేది దాని కదలికే. అది సరిగ్గా లేకపోతే సగం మందికి తారుమారవుతుంది. కఫాన్ని పైకి నెట్టేదీ, ట్యూబుల్లో అండాన్ని గర్భసంచి వైపు జరిపేదీ కూడా ఆ నూగే!

మరి రంగు ఎక్కించి తీసిన ఎక్స్‌రేలో ‘ట్యూబులు క్లియర్’ అన్నారు కదా అంటావు. దారి తెరిచి ఉందో లేదో అందులో తెలుస్తుంది కానీ, లోపల నూగు కదులుతోందో లేదో తెలియదు. అలాగని ఈ జబ్బున్న ఆడవాళ్లందరికీ పిల్లలు పుట్టరని కాదు, మామూలుగానే గర్భం వచ్చినవాళ్లూ ఉన్నారు. కాకపోతే ట్యూబులోనే పిండం నిలిచిపోయే భయం ఉంది. ఐవీఎఫ్‌లో అండాన్ని బయటికి తీసి, పిండాన్ని నేరుగా గర్భసంచిలో పెడతారు, ట్యూబుతో పని ఉండదు కాబట్టి మేం దానికే ఒప్పుకున్నాం.

మొన్న ఈసీజీ తీసే అబ్బాయి వైర్లు తప్పు పెట్టాననుకుని మళ్లీ పీకి పెట్టాడు. చివరికి నేనే ‘బాబూ, గుండె ఇటుంది’ అన్నాను. పాపం, మొహం చూడాలి! నవ్వులాట కాదులే, ఎవరైనా లాపరోస్కోపీ, అంటే పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్, అంటే ముందే చెప్పాలట. కొందరికి ఎడమ పక్కటెముకల కింద సూది దించుతారు, నాకక్కడ కాలేయం ఉంది.

మత్తు ఇచ్చే ముందు ఛాతీ శుభ్రంగా ఉండాలని రోజూ ఫిజియోథెరపీ. జన్యుపరీక్షకీ రక్తం ఇచ్చాను. అమ్మానాన్నలది మేనరికం కదా, ఇద్దరి నుంచీ ఆ లోపం వచ్చి ఉంటుందంటున్నారు. నా రిపోర్టు వచ్చాక మా ఆయనకీ చూస్తారు. ఆయనలో ఆ లోపం లేకపోతే బిడ్డకి ఈ జబ్బు రాదట.

వచ్చే నెల అండాలు తీస్తారు. నువ్వు సెలవు పెట్టి రావే, అత్తయ్యకి ఇదంతా నువ్వైతేనే చెప్పగలవు.

నీ
రాధ