'వ'కీ 'మ'కీ మధ్య ఒక్క కొమ్ము

తల్లిదండ్రులకు, సాయంత్రాలు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించే తాతయ్యలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు నమస్కారం.

పోయిన నెల మూడో తరగతి పిల్లవాడి అమ్మ ఒకావిడ వాడి నోటుపుస్తకం పట్టుకుని నా గదికి వచ్చారు. "మేడమ్, కళ్ళ డాక్టరుకి చూపించాం. చూపులో ఏ లోపమూ లేదన్నారు. కొబ్బరిచెట్టు మీద ఉడతని నాకంటే ముందు వాడే చూస్తాడు. మరి 'పలక'ని 'వలక' అని ఎందుకు చదువుతున్నాడు?" అని అడిగారు. ఆ రోజు నేను సగం జవాబే చెప్పగలిగాను. ఇదే సందేహం ఇంకా చాలామంది ఇళ్ళలో ఉందని నాకు తెలుసు. అందుకే మిగతా సగం ఈ ఉత్తరంలో అందరికీ రాస్తున్నాను.

1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు, 14 ఏళ్ళ పెర్సీ అనే కుర్రాడి గురించి ఒక వైద్య పత్రికలో రాశారు. తెలివైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, చూపు బాగుంది, అంకెలైతే ఇట్టే చదివేస్తాడు. తన పేరు రాయమంటే మాత్రం అక్షరాలు తారుమారై 'ప్రెసీ' అయ్యేది. తెలివీ చూపూ బాగానే ఉన్నా చదవడం, రాయడం ఇలా కష్టమవడాన్నే ఇప్పుడు డిస్లెక్సియా అంటున్నాం. పాఠాలన్నీ నోటిమాటగా చెబితే బడి మొత్తానికి వీడే చురుకైనవాడని అతని మాస్టారు అన్నారట. ఆ మాస్టారి మాటను కాగితం మీద రాసుకుని నా బల్ల అద్దం కింద పెట్టుకున్నాను. పిల్లవాడి చేతిరాత చూసి నిట్టూర్చే ముందు ఒకసారి అటు చూస్తాను.

1925లో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే డాక్టరు, ఇలాంటి పిల్లలు అక్షరాలను తిప్పి చదవడాన్ని ప్రత్యేకంగా పట్టించుకున్నారు. అప్పటి నుంచి 'డిస్లెక్సియా అంటే అక్షరాలు తలకిందులుగా కనిపించడం' అన్న మాట జనంలో పాతుకుపోయింది. అది నిజం కాదు. డిస్లెక్సియా ఉన్న పిల్లలకు కూడా అక్షరం మనకు కనిపించినట్టే కనిపిస్తుంది. చాలామందిలో అసలు చిక్కు ధ్వని దగ్గర ఉంటుంది. మాటను చిన్న చిన్న శబ్దాలుగా విడగొట్టడం, ఏ శబ్దానికి ఏ గుర్తో వెంటనే తట్టడం వాళ్ళకు కష్టం. ఆ ముడి గట్టిగా పడనప్పుడు, చూడటానికి దగ్గరగా ఉన్న రెండు అక్షరాలు మనసులో ఒకే అరలోకి వెళ్ళిపోతాయి.

ఇంగ్లీషు చిన్న 'బి', 'డి' (b, d) అక్షరాలను తారుమారు చేయడం గురించి చాలామంది బెంగపడుతుంటారు. టీకప్పు పిడి కుడివైపున్నా ఎడమవైపున్నా అది టీకప్పే. పుట్టినప్పటి నుంచి పిల్లలు నేర్చుకున్నది అదే. ఒక గీత ఏ వైపు ఉందన్నదాన్ని బట్టి వస్తువు పేరే మారిపోవడం అన్నది మొదటిసారి ఎదురయ్యేది బడిలోనే. ఏడేళ్ళ దాకా ఈ తారుమారు చాలామంది పిల్లల్లో ఉంటుంది. అదొక్కటే చూసి డిస్లెక్సియా అని తేల్చేయకండి.

తెలుగులో చిక్కు వేరు. మన అక్షరాల్లో 'బి', 'డి'ల లాగా అద్దంలో చూసినట్టు ఒకదానికొకటి తిరగబడి ఉండే జంటలు లేవు. మనవన్నీ చిన్న చిన్న చేర్పులు. 'ర' కడుపులో చుక్క పెడితే 'ఠ'. 'ద' కింద చిన్న గీత గీస్తే 'ధ'. 'ప' మీద తలకట్టు అంటకుండా విడిగా నిలబడుతుంది, 'వ' మీద అంటుకుని ఉంటుంది. 'వ'కి కుడిపక్కన కొమ్ము తగిలించి చూడండి, అచ్చం 'మ' లాగే ఉంటుంది. ఆ గందరగోళం రాకూడదనే కాబోలు, 'వు' రాసేటప్పుడు కొమ్మును కిందికి దించుతాం. ఇక గుడికీ గుడిదీర్ఘానికీ, ఎత్వానికీ ఏత్వానికీ ఉన్న తేడా ఎంత సన్నదో మీకు తెలిసిందే. అందుకే ఇంగ్లీషు పిల్లల కోసం చేసిన అభ్యాస పత్రాలు ఇంటర్నెట్‌లో వెతికి ప్రింటు తీసుకుంటే మన పిల్లలకు సగమే పనికొస్తాయి. ఎటు తిరిగి ఉందో చూడటం కంటే ఏం చేరిందో, ఎక్కడ చేరిందో చూడటం మన పిల్లలకు అలవాటు కావాలి.

ఇందుకు ఖర్చేమీ అక్కర్లేదు. పళ్ళెంలో బియ్యప్పిండి పరిచి వేలితో 'వ' దిద్దించండి. దిద్దుతూ "వ" అని పైకి అనాలి. ఇది తప్పనిసరి. నోరు కదలకుండా వేలొక్కటే కదిలితే అది బొమ్మ గీయడమే అవుతుంది. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో రాయించిన పెద్దలు వేలు, కన్ను, నోరు మూడింటినీ ఒక్కచోట కలిపారు. డిస్లెక్సియా పిల్లలకు పాఠాలు చెప్పే నిపుణులు ఇప్పుడు చేయిస్తున్నదీ అదే. 'వ' కుదురుకున్నాక కొన్ని రోజులు ఆగి, అప్పుడు 'మ' మొదలుపెట్టండి. రెండూ ఒకే రోజు పక్కపక్కన పెడితే రెండూ కలగలిసిపోతాయి. 'మ' నేర్పేటప్పుడు ఆ కొమ్మును ఎర్రరంగుతో రాయండి. వారం తర్వాత రంగు తగ్గించండి, ఆ తర్వాత తీసేయండి. తేడా ఏమిటో మీరు చెప్పకండి, వాడి నోటితోనే చెప్పించండి. మా రెండో తరగతి పాప ఒకతె "వ మేడమ్ బ్యాగు తగిలించుకుంటే మ అవుతుంది" అంది. ఆ తర్వాత ఆ పిల్ల ఆ రెండిట్లో తడబడలేదు.

పాత దినపత్రిక మరో మంచి సాధనం. పెద్ద శీర్షికల్లో 'ధ' ఎక్కడెక్కడ ఉందో వెతికి సున్నా చుట్టమనండి. రోజుకు ఒక్క అక్షరం, అయిదు నిమిషాలు. చుట్టిన ప్రతిసారీ ఆ మాట మీరు చదివి వినిపించండి.

కందిపప్పూ శనగపప్పూ కలిపి వేరు చేయించడం, ఆదివారం అనుబంధంలో తేడాలు కనిపెట్టించడం కూడా కొందరు చేయిస్తున్నారని విన్నాను. చేయించండి, ఓపిక పెరుగుతుంది, ఇంట్లో సరదాగా ఉంటుంది. కానీ పప్పులు వేరుచేసే కన్ను దానంతటదే అక్షరాలు వేరుచేయదు. ఉన్న సమయం కొంచెమే అయితే దాన్ని అక్షరాల మీదే పెట్టండి.

ఒత్తులున్న మాటలు ఇరుకు వరుసల్లో ఉంటే పైవరుస ఒత్తు కిందవరుస గుడిని తాకుతున్నట్టుంటుంది. అందుకని ఒక అట్టముక్కలో ఒక్క వరుస కనిపించేంత కిటికీ కత్తిరించి పుస్తకం మీద జరుపుకుంటూ చదవమనండి. అక్షరాల మధ్య ఎడం పెంచితే డిస్లెక్సియా పిల్లలు మెరుగ్గా చదివారని ఇటలీ, ఫ్రాన్స్ పిల్లలతో చేసిన పరిశోధన ఒకటి 2012లో వచ్చింది. ఈ ఏడాది నుంచి మన ప్రశ్నపత్రాలను పెద్ద అక్షరాలతో, వరుసల మధ్య ఎక్కువ ఎడంతో అచ్చు వేయిస్తున్నాం.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. టీచరుగా చేరిన కొత్తలో 'ద', 'ధ' కలిపేసే ఒక అబ్బాయి చేత నేను వంద సార్లు ఇంపొజిషన్ రాయించాను. ముప్ఫై సార్లు దాటాక వాడు 'ధ' బదులు 'ద' రాస్తూ పోయాడు. తప్పునే డెబ్బై సార్లు సాధన చేయించానన్నమాట. ఆ పేజీ ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. మన బడిలో ఇంపొజిషన్లు లేకపోవడానికి కారణం అదే. ఇంట్లో కూడా రాయించవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

కంటి వ్యాయామాలతోనో రంగు అద్దాలతోనో డిస్లెక్సియా తగ్గుతుందన్న ప్రకటనలు మన వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్నాయి. ముందు మామూలుగా కళ్ళూ చెవులూ పరీక్ష చేయించండి, అది అవసరం. కానీ వ్యాయామాలకు, రంగు అద్దాలకు డబ్బు పోయకండి. అవి చదువు సమస్యను తగ్గిస్తాయనడానికి తగిన ఆధారాలు లేవని అమెరికాలోని పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు 2009లోనే కలిసి ప్రకటించాయి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన లోపాలు కూడా ఉన్నాయి. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు లాంటి వెసులుబాట్లు అడగవచ్చు. మూడో తరగతికి వచ్చాక కూడా తడబాటు తగ్గకపోతే నా దగ్గరికి రండి, పరీక్ష ఎలా చేయించాలో కలిసి చూద్దాం. పదిమందికీ తెలుస్తుందని భయపడకండి. ఆ మాట నా గది దాటదు.

వచ్చే శనివారం మధ్యాహ్నం మూడింటికి ఒకటో తరగతి గదిలో కలుద్దాం. బియ్యప్పిండి, పళ్ళేలు మేం పెడతాం. మీరు ఒక పాత దినపత్రిక, ఒక ఎర్ర స్కెచ్‌పెన్ను తెచ్చుకోండి. పిల్లల్ని కూడా తీసుకురండి. ఉడతని ముందుగా చూసే ఆ పిల్లవాడూ, వాళ్ళమ్మగారూ వస్తున్నారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు