భయం వద్దన్నారు సరే, అంకె ఏదీ?

అయ్యా,

బోరు నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఆనవాళ్లున్నా ఆందోళన వద్దని అధికారులన్నట్టు కిందటి వారం మీ జిల్లా పేజీలో వచ్చింది. ఎవరైనా నిలదీస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఏ ఊళ్లో ఎన్ని బోర్లు చూశారో, లీటరుకు ఎంత తేలిందో ఆ వార్తలో ఒక్క ముక్క లేదు. అంకె చెప్పకుండా భయపడొద్దంటే ఎట్లా నమ్మమంటారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, అంటే 0.01 మిల్లీగ్రాము. మా ఊరి నీళ్ల ప్లాంటులో ఎవరికైనా అనుమానం వస్తే అక్కడి కుర్రాడు టీడీఎస్ మీటరు ముంచి, "90 ఉందండి, దిగుల్లేదు" అంటాడు. నీటిలో కరిగిన లవణాలన్నీ కలిపి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపే మీటరది. ఆర్సెనిక్ హద్దుకు అయిదింతలు, అంటే 0.05 మిల్లీగ్రాము ఉన్నా ఆ 90లో మార్పు కనపడదు. పిల్లాడికి తెలియదనుకుందాం. టీడీఎస్, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం) రాసిన కాగితం గోడకంటించి పరీక్షలయ్యాయనే అధికారులకేమైంది?

ఈ విషానికి రంగూ వాసనా ఉండవు. కాచినా పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ముప్పు ఎంతో తేల్చాలంటే నీళ్లలో ఎంతుందో, మనిషి రోజుకెన్ని లీటర్లు తాగుతాడో, ఎన్నేళ్లుగా తాగుతున్నాడో, ఒంటి బరువెంతో అన్నీ చూడాలి. అవే గ్లాసుడు నీళ్లు 15 కిలోల బిడ్డకు 60 కిలోల తండ్రికన్నా నాలుగింతల మోతాదు. రోహిణి కార్తెలో చేలో పనిచేసే కూలీ తాగే నీళ్లు ఆఫీసు లెక్కలోని రెండు లీటర్లతో సరిపోతాయా? పైగా టిన్ను నీళ్లు తాగడానికే. అన్నం, పులుసు ఉడికేది బోరు నీళ్లతోనే. కుక్కర్లొచ్చాక గంజి వార్చే ఇళ్లు ఎన్ని మిగిలాయి? నీళ్లలో ఉన్నది మెతుకులోకి పోతోంది.

బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటున్నాయని ఊరూరా చేతిపంపులు దించారు. వాటిలో ఆర్సెనిక్ ఉందని 1993లో గానీ బయటపడలేదు. అరచేతులు, అరికాళ్లు గట్టిపడి, ఒంటిమీద మచ్చలు తేలడానికి ఏళ్లు పడుతుంది. చర్మం, మూత్రాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్లు ఆ తర్వాతెప్పటికో. ఒండ్రుమట్టిలో ఇనుమును అంటుకుని ఉన్న ఆర్సెనిక్, గాలి సోకని లోతుల్లో నీళ్లలోకి దిగుతుంది. మన గోదావరి డెల్టాదీ ఒండ్రునేలే. డెల్టా అంతా విషమని నేననను. పక్కపక్క బోర్లకే పొంతన ఉండదు కనుక నాలుగు సీసాలతో జిల్లా మొత్తానికి తీర్పు చెప్పొద్దంటున్నాను.

అసలు మనకీ బోర్ల గతి పట్టించిందెవరు? ధవళేశ్వరం నుంచి కాలువ నీళ్లొస్తే మంచినీళ్ల చెరువు నింపుకుని వేసవి దాటించేవాళ్లం. ఇప్పుడా కాలువల్లోకే రొయ్యల చెరువుల మురుగూ ఊరి చెత్తా. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో ఆసుపత్రుల పాలైతే, ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయి. ఆ తర్వాతైనా ప్రతి ఊరి నీళ్లలో భారలోహాలు చూస్తారనుకున్నాం. మా ఊళ్లో మాత్రం ఆ పరీక్ష చేసినట్టు చెప్పినవాళ్లు లేరు.

ప్రతి బోరు నీళ్లూ ల్యాబుకు పంపి, బోరు లోతు, పరీక్ష తేదీ, తేలిన అంకె ఆ బోరు దగ్గరే రాయించండి. హద్దు దాటిన పంపులకు బంగ్లాదేశ్‌లో ఎర్రరంగు వేశారు, మనమూ వేద్దాం. మీ విలేకరి ఈసారి ఆ ఆఫీసుకు వెళ్తే అంకెలు తీసుకుని అచ్చు వేయండి.

– రిటైర్డ్ సైన్సు టీచరు,
కోనసీమ