శీనూ, మన పావురం సైకిల్‌ని అమ్మొద్దు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరం కులాసా. చిన్నదానికి ముందు పళ్లు ఊడాయి, మేడ మీద గది ఇంకా సున్నం దగ్గరే ఆగింది, నాన్న బీపీ అదుపులో ఉంది. మిగతా కబుర్లు మరోసారి.

చివర్లో ఓ ముక్క రాశావు చూడు, "కరకట్ట మీద కుక్కల బాధ పడలేక సైకిల్ అమ్మేస్తున్నా" అని. అది చదివిన దగ్గర్నుంచీ మనసు మనసులో లేదురా. పావురం అని పేరు పెట్టుకున్న సైకిల్‌ని అమ్ముతావా? బ్యారేజీ మీద జామకాయల సాక్షిగా అనుకున్నదేమిటి మనం? కొనేవాడెవడైనా వస్తే ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఆగమను.

"అవి మొరగ్గానే బలం కొద్దీ తొక్కుతున్నా" అన్నావు కదా, చిక్కంతా అక్కడే ఉంది. పరిగెత్తేదాన్ని తరమడం కుక్క నైజం. ఊరకుక్క కాసేపట్లో గంటకు 30 కిలోమీటర్లు దాటి అందుకోగలదు. ఆ ఇరుకు రోడ్డు మీద నువ్వు ఎంత తొక్కినా పాతిక. నీ కాళ్లు తిరిగేకొద్దీ దానికి ఊపు పెరుగుతుంది. తరమడానికి ఏమీ లేకుండా చేశావనుకో, సగం కుక్కలు అక్కడే ఆగిపోతాయి.

అంచేత కుక్క దూరంగా కనబడగానే, వెంటపడ్డాక కాదు, కనబడగానే తొక్కడం ఆపెయ్. తేలిక గేరులోకి అప్పుడే మార్చుకో, ఆగాక మళ్లీ కదలాలంటే అదే కావాలి. రెండు చేతులూ బ్రేకుల మీదే ఉండాలి. వెనక బ్రేకు మెల్లగా పట్టు. కంగారులో ముందు బ్రేకు గట్టిగా పట్టావంటే హ్యాండిల్ మీంచి బోర్లా పడతావు. వెనకాల బండి ఏదీ రావట్లేదని చూసుకుని దిగు. దిగేది కుక్కకి అవతలి పక్కన. సైకిల్ నీకూ దానికీ మధ్య ఉండాలి, అదే నీ డాలు. మనందరికీ ఎడమ పక్కకే దిగడం అలవాటు, కుక్క ఎడమ గట్టు మీంచి వస్తే నేరుగా దాని నోటి దగ్గర దిగినట్టే. కుడి పక్కకి దిగడం ఇంటి ముందు పదిసార్లు సాధన చెయ్యి. నవ్వితే నవ్వనీ చుట్టుపక్కల వాళ్లని.

దిగాక గొంతు కీచుగా కాకుండా బరువుగా "హేయ్! పో!" అను. కళ్లలోకి గుచ్చి చూడకు, కానీ వీపు కూడా చూపించకు. అప్పటికీ మీదికొస్తే రాయి తీస్తున్నట్టు వంగు. మన ఊరకుక్కలకి ఆ ఒక్క కదలికా బాగా తెలుసు, చాలావరకు అక్కడే వెనక్కి తగ్గుతాయి. నిజంగా విసరకు, దెబ్బ తిన్న కుక్క రేపు వచ్చే ఇంకో సైకిలు మీద కసి తీర్చుకుంటుంది. తర్వాత సైకిల్ నడిపించుకుంటూ ముప్పై నలభై అడుగులు వెయ్యి. దాని హద్దు అయిపోగానే ఆగి, తోక దించి వెనక్కి తిరుగుతుంది. అది తిరిగాకే ఎక్కు. గుంపుగా ఉంటే గోడకో చెట్టుకో వీపు ఆనించి నిలబడు. ఎదురుగా మొరిగేదాని కన్నా చప్పుడు లేకుండా వెనక చేరేదాన్ని కనిపెట్టి ఉండు.

తొక్కుతూ తొక్కుతూ కాలితో తన్నడం మాత్రం వద్దురా బాబూ. కాలెత్తగానే బ్యాలెన్స్ పోతుంది, పైగా పాదం తీసుకెళ్లి దాని నోటికి అందించినట్టు. కుక్క ముందు చక్రం కిందకి వచ్చిందా, కాటు పడకుండానే భుజం ఎముక విరుగుతుంది. హెల్మెట్ లేకుండా గుమ్మం దాటకు.

రెండో బాటిల్ ఒకటి తగిలించు. 750 మిల్లీలీటర్లది, నొక్కితే మెత్తగా అణిగేది. అందులో వట్టి నీళ్లే పోయి. మూతి ముందే తెరిచి ఉంచుకుని, రెండు మీటర్ల లోపుకి వచ్చినప్పుడు మొహం మీదికి ఒక్క చిమ్ము చిమ్ము. ఉలిక్కిపడి ఆగుతుంది, ఆ క్షణం చాలు. మిరియాల స్ప్రే కొంటానన్నావు, వద్దు. ఏటి గాలి ఎదురు కొడితే నీ కళ్లే మండుతాయి.

వేళ కూడా చూసుకో. చీకట్లో నాలుగున్నరకి రోడ్డంతా వాటిదే. బాగా తెల్లారి జనం తిరగడం మొదలయ్యాక బయలుదేరు. చికెన్ కొట్టు వ్యర్థాలు పడేసే మలుపు దగ్గరా, పిల్లల్ని పెట్టిన తల్లి దగ్గరా ముందే దిగిపో. నువ్వు రాసిన ఆ నల్లది రోజూ అదే చోట ఉంటుంది కదా, నాలుగు రోజులు అక్కడ సైకిల్ నడిపించుకుంటూ, దానితో మాట్లాడుతూ వెళ్లు. మనిషంటే దానికి బెరుకు లేదు, తిరిగే చక్రాలే దానికి కొత్త. చెవి మొన కత్తిరించి ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ, రేబిస్ టీకా అయిన కుక్క అని గుర్తు. కుక్కల సంతాన నియంత్రణకి కేంద్రం పెట్టిన 2023 నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేశాక మామూలుగా పట్టిన చోటే వదులుతారు. అంచేత దాన్ని మాయం చేస్తారని ఎదురుచూడకుండా పరిచయం పెంచుకోవడమే మేలు.

ఇంకొక్కటి, ఇది మాత్రం రెండుసార్లు చదువు. కాటు పడినా, గోరు గీరి రక్తం వచ్చినా, పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడుగు, గడియారం చూసుకుని. ఆ తర్వాత పోవిడోన్ అయోడిన్ మందు పూయి. కారం, పసుపు, సున్నం ఏవీ రాయనివ్వకు. ఆ రోజే సర్కారు ఆసుపత్రికి వెళ్లు. రేబిస్ టీకా మొదటి డోసు రోజుని 0 అనుకుంటే, చర్మంలోకి వేస్తే 0, 3, 7, 28 రోజుల్లో, కండకి వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో వేయించుకోవాలి. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ గురించి నోరు తెరిచి అడుగు. టీకా పని చెయ్యడానికి వారం పైనే పడుతుంది, ఆ లోపు కాపాడేది అదే. "పది రోజులు కుక్కని చూద్దాం" అని ఎవరన్నా వినకు. టీకా మొదలుపెట్టి చూడు. చెవి తెగి ఉన్న కుక్కైనా సరే, శీనూ, ఈ విషయంలో నీ బద్ధకం నాకు తెలుసు కాబట్టే ఇంత...

తపాలా డబ్బా తీసే వేళయింది. గేర్ల కేబుల్ సంగతి రాద్దామనుకున్నా, కుదరదిక. చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఆ నల్లదాని చెవి మొన ఉందో లేదో చూసి వెంటనే రాయి.

నీ
రాజు