ఎదిగే పిల్లల చేతికి పెద్దల బంతా?

సంపాదకులకు,

విశాఖ మైదానాల్లో పదేళ్ల పిల్లల చేత కూడా పెద్దల లెదర్ బంతితో, 22 గజాల పిచ్ మీదే బౌలింగ్ చేయించడం ఆపాలి. ఆ బంతి బరువు 156–163 గ్రాములు. 13 ఏళ్లలోపు వారికి క్రికెట్ నియమావళి చెప్పేది 133–144 గ్రాములే. బరువూ దూరమూ మించితే బంతిని అవతలికి చేర్చాలని పిల్లలు నడుం మెలితిప్పి విసురుతారు. ఒక్కసారిగా పొడుగు సాగే వయసులో ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు; మడమ నొప్పి, నడుం నొప్పి అక్కడే మొదలు. నొప్పి తెలియకుండా స్ప్రే కొట్టి ఆడించడం చాలా ప్రమాదం. నడుం నొప్పి తగ్గకపోతే బౌలింగ్ ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి. తల్లిదండ్రులారా, ప్రతినెలా గోడమీద పిల్లల ఎత్తు గుర్తు పెట్టండి. వేగంగా పెరిగిన నెలల్లో ఓవర్లు తగ్గించమని కోచ్‌ను అడగండి, మొహమాటపడొద్దు. అకాడమీలు కూడా చిన్నవాళ్లకు తేలిక బంతి ఇచ్చి, 18 గజాల దగ్గర స్టంప్స్ పాతాలి.

– ఒక తండ్రి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం