పెళ్లి వీడియోలకు ఆటో ఎక్స్‌పోజర్ వద్దు

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్ల సీజన్ రాగానే మండపాల అద్దెలు, అలంకరణ ఖర్చు, బంగారం ధర గురించి మీ పత్రికలో వార్తలు వస్తాయి. వీడియోకు అయ్యే ఖర్చు కూడా తక్కువేమీ కాదు. అయినా ఆ వీడియో ఎలా తీస్తున్నారో అడిగేవాళ్లు లేరు. డీఎస్ఎల్ఆర్ కెమెరాతో వీడియో తీసేవాళ్లలో చాలామంది ఎక్స్‌పోజర్‌ను, అంటే బొమ్మలో వెలుగు ఎంత పడాలన్న లెక్కను, ఆటోకు వదిలేస్తున్నారు. మన పెళ్లి తంతుకు ఆటో అస్సలు పనికిరాదు. ఎందుకో, బదులుగా ఏం చేయాలో చెప్పడానికే ఈ లేఖ.

జీలకర్ర బెల్లం ఘట్టం చూడండి. వధూవరుల మధ్య తెల్లటి అడ్డుతెర పట్టుకుంటారు. ఫ్రేములో సగానికి పైగా ఆ గుడ్డే ఉంటుంది. ఆటోలో ఉన్న కెమెరాకు గుడ్డేదో, ముఖమేదో తెలియదు. ఎదురుగా కనిపించేదంతా సగటున ఒక మధ్యస్థ బూడిదరంగు స్థాయికి తేవడమే దాని లెక్క. తెలుపు ఎక్కువైతే వెలుగు తగ్గించేస్తుంది. సరిగ్గా ముహూర్తానికి తెర దించుతారు. అప్పుడు ముఖాలు నల్లగా పడతాయి. కెమెరా తేరుకుని వెలుగు పెంచేసరికి వాళ్లిద్దరూ ఒకరినొకరు తొలిసారి చూసుకోవడం అయిపోతుంది. మాంగల్యధారణ వేళకు ఇద్దరి ఒంటిమీదా తెల్లటి మధుపర్కాలు. పక్కన పురోహితుడి తెల్ల పంచె, ముందు లైటు పడి తెల్లబడే హోమం పొగ. ఎవరు అటూ ఇటూ కదిలినా కెమెరా మళ్లీ లెక్క మారుస్తుంది.

ఎడిటింగ్‌లో సరిచేసుకోవచ్చుగా అంటారు కొందరు. ఈ కెమెరాల్లో ఎక్కువ భాగం వెలుగు, రంగుల మెట్లు తక్కువగా ఉండే 8 బిట్ వీడియోనే, అదీ బాగా కుదించి రాస్తాయి. నల్లబడ్డ ముఖాన్ని పైకి లాగితే నాయిస్ (గరుకు చుక్కలు), రంగుల మరకలు కూడా వెంట వస్తాయి. తెల్లగా కాలిపోయిన చోట అసలు సమాచారమే మిగలదు. అన్నిటికన్నా కష్టం, ఒకే షాట్‌లో వెలుగు మెల్లగా మారిపోవడం. దాన్ని సరిచేయాలంటే ఎడిటర్ ఆ మార్పుకు ఎదురుగా కీఫ్రేములు (ఎక్కడ ఎంత మార్చాలో చెప్పే గుర్తులు) వేసుకుంటూ కూర్చోవాలి. అయినా అతుకు కనిపిస్తూనే ఉంటుంది.

అందుకే ఆటోకు బదులు ఎక్స్‌పోజర్‌ను మాన్యువల్‌గా, అంటే మన చేత్తో ఒకచోట కట్టేయాలి. ఈ మాన్యువల్ సౌకర్యం ఊరికే రాలేదు. 2008లో వీడియోతో వచ్చిన తొలి డీఎస్ఎల్ఆర్ నికాన్ డీ90లోగానీ, అదే ఏడాది ప్రకటించిన కెనాన్ 5డీ మార్క్ 2లోగానీ వీడియోకు పూర్తి మాన్యువల్ ఎక్స్‌పోజర్ లేదు. అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) మారకుండా ఉండాలని కొందరు కెనాన్ బాడీకి అడాప్టర్ పెట్టి, చేత్తో అపర్చర్ తిప్పుకునే పాత నికాన్ లెన్సులు వేసుకున్నారు. ఇంకొందరు డెప్త్ ఆఫ్ ఫీల్డ్ బటన్ నొక్కి పట్టుకుని, లెన్సును కొంచెం వదులు చేసి వాడారు. వాడకందార్లు గట్టిగా అడిగాక 2009 జూన్‌లో కెనాన్ ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) ద్వారా ఆ సౌకర్యం ఇచ్చింది. సెకనుకు 25 ఫ్రేముల రికార్డింగ్ రావడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పట్లో వాళ్లు అంత తంటాలు పడి సాధించుకున్నది ఇప్పుడు చవక కెమెరాల్లోనూ ఉంది. అది ఉండి కూడా వాడకపోవడమే మాకు బాధ.

ముందు మెనూలో వీడియో సిస్టమ్‌ను మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌కు మార్చి, ఫ్రేమ్ రేటు 25 పెట్టుకోవాలి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కెమెరాలు చాలావరకు అక్కడి పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో, 30 ఫ్రేముల్లో ఉంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ కరెంటుతో నేరుగా వెలిగే ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాలో వెలుగును పట్టే సెన్సారుకు తెలుస్తుంది. షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు పట్టే సమయం, సెకనులో 1/50 వంతు పెడితే ప్రతి ఫ్రేములో సరిగ్గా రెండు మినుకులు పడతాయి, 1/100లో ఒకటి. 1/60లో ఒకటిన్నర పైచిలుకు పడుతుంది. సెన్సార్ పైనుంచి కిందికి వరుస వరుసగా చదువుతుంది కాబట్టి ఒక్కో వరుసకు ఒక్కో మోతాదు వెలుగు అంది, తెరమీద అడ్డంగా చారలొస్తాయి. దానికి 30 ఫ్రేములు తోడైతే ఆ చారలు పాకుతూ కనిపిస్తాయి. న్యూజెర్సీలో తెలుగువాళ్ల పెళ్లి తీసేవారికి ఇదే లెక్క తిరగబడుతుంది. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి 30 ఫ్రేములు, 1/60 షట్టర్ పెట్టుకోవాలి.

షట్టర్ 1/50 పెట్టడానికి ఇంకో కారణమూ ఉంది. షట్టర్ హారం ఫ్రేమ్ రేటుకు సుమారు రెట్టింపు ఉంటే కదలిక కంటికి సహజంగా ఉంటుంది. తలంబ్రాల దగ్గర ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. 1/50లో బియ్యం ధారగా పడుతున్నట్టుంటుంది. ఎండలో కెమెరా తనంతట తాను 1/1000కి వెళ్లిపోతే ప్రతి గింజా గాల్లో ఆగి ఆగి గెంతుతున్నట్టు కనబడుతుంది. తలంబ్రాలు స్లో మోషన్‌లో కావాలంటే 50 ఫ్రేములు పెట్టి, షట్టర్ 1/100 చేయండి. అప్పుడు ఒక స్టాప్ వెలుగు, అంటే సగం వెలుగు పోతుంది కాబట్టి ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) రెట్టింపు చేయాలి.

షట్టర్ తేలాక అపర్చర్ సంగతి. కెమెరాతో వచ్చే 18-55 ఎంఎం జూమ్ లెన్సు వాడేవాళ్లకు ఇక్కడే దెబ్బ తగులుతుంది. ఆ లెన్సు 18 దగ్గర ఎఫ్ 3.5 దాకా తెరుచుకుంటుంది (ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది), 55కు వెళ్లేసరికి ఎఫ్ 5.6 కన్నా తెరుచుకోదు. 3.5లో పెట్టి షాట్ మధ్యలో జూమ్ చేస్తే ఒక స్టాపు పైనే వెలుగు పడిపోతుంది. మాన్యువల్‌లోనే పెట్టాం కదా, ఇదెందుకు మారిందని తికమకపడతారు. మొదటినుంచీ ఎఫ్ 5.6లో ఉంచితే ఆ గొడవే ఉండదు. 50 ఎంఎం ఎఫ్ 1.8 లాంటి ప్రైమ్ (జూమ్ లేని) లెన్సు ఉంటే ఎఫ్ 2.8 చాలు. 1.8లో ఇద్దరి ముఖాల్లో ఒకటే ఫోకస్‌లో ఉంటుంది, పక్కముఖం మసకబారుతుంది. మాంగల్యధారణకు అది పనికిరాదు.

ఇక ఐఎస్ఓ. మండపం లైట్లన్నీ వెలిగాక, వధువు కూర్చునే పీట దగ్గర ఎవరినైనా నిలబెట్టి అరచేయి కెమెరా వైపు చూపించమనండి. ముఖం మీద పడే లైటే చేతిమీదా పడాలి. ఫ్రేమంతా అరచేయి నిండేలా పెట్టి, కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ ప్లస్ 1 చూపేదాకా ఐఎస్ఓ మార్చండి. మనిషి నలుపైనా తెలుపైనా అరచేతి రంగు పెద్దగా మారదు, మధ్యస్థ బూడిదరంగు కన్నా సుమారు ఒక స్టాప్ వెలుగ్గా ఉంటుంది. 18 శాతం గ్రే కార్డు ఉంటే దాన్ని పట్టి మీటర్ సున్నాకు తెస్తే ఇంకా నిక్కచ్చిగా వస్తుంది. ఇలా పెట్టినప్పుడు ముఖం సరిగ్గా పడుతుంది, మధుపర్కాల తెలుపు కూడా చాలావరకు నిలబడుతుంది. ఇంకా తెల్లబడుతుంటే పిక్చర్ స్టైల్ న్యూట్రల్ చేసి, కాంట్రాస్ట్ తగ్గించండి. ఏపీఎస్-సీ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది) కెమెరాల్లో 1600 దాకా భయం లేదు, 3200లో నాయిస్ కనిపిస్తుంది. అక్కడిదాకా వెళ్లాల్సి వస్తే ఐఎస్ఓ పెంచడం కాదు, లైటు అడగాలి. కెమెరా వెనక తెరను నమ్మవద్దు. చీకట్లో అది ఉన్నదానికన్నా వెలుగ్గా, ఎండలో నల్లగా కనిపిస్తుంది. దాని బ్రైట్‌నెస్ మధ్యలో ఉంచి, రికార్డింగ్ మొదలుపెట్టే ముందు హిస్టోగ్రామ్ (నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) చూసుకోండి.

బటన్ల విషయానికొస్తే, కెనాన్ 1500డీలో డయల్ మూవీ గుర్తుకు తిప్పి, మెనూలో మూవీ ఎక్స్‌పోజర్‌ను మాన్యువల్ చేయాలి. ఆ తర్వాత డయల్ తిప్పితే షట్టర్, ఏవీ బటన్ నొక్కి తిప్పితే అపర్చర్ మారతాయి. 700డీలో డయల్ ఎంకు, స్విచ్ మూవీకి తిప్పితే చాలు. నికాన్ డీ5300లో డయల్ ఎంలో పెట్టినా సరిపోదు, మూవీ సెట్టింగుల్లో మాన్యువల్‌ను విడిగా ఆన్ చేయాలి. అపర్చర్‌ను లైవ్ వ్యూలోకి (వెనక తెరమీద దృశ్యం చూపే మోడ్‌లోకి) వెళ్లకముందే పెట్టుకోవాలి. ఇంత చేసినా ఐఎస్ఓ ఆటోలో ఉండిపోతే మొత్తం మళ్లీ ఆటో అయినట్టే. వెలుగును తమంతట తాము సర్దే కెనాన్‌లోని ఆటో లైటింగ్ ఆప్టిమైజర్, నికాన్‌లోని యాక్టివ్ డీ-లైటింగ్ ఆపేయాలి. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా చేసే రంగు సర్దుబాటు) కూడా ఒకచోట కట్టేయాలి. లేకపోతే ఎరుపు, పసుపు లైట్లు మారినప్పుడల్లా ముఖం రంగు మారుతుంది. రెండు కెమెరాలుంటే రెండింటికీ ఒకే షట్టర్, వైట్ బ్యాలెన్స్‌కు ఒకే కెల్విన్ అంకె పెట్టి, రెండింటితోనూ అదే అరచేతిని కొలవండి.

పల్లెల్లో పగటి పెళ్లిళ్లకు కథ వేరు. మిట్టమధ్యాహ్నపు ఎండలో 1/50 షట్టర్, ఐఎస్ఓ 100 పెడితే అపర్చర్ ఎఫ్ 22 అవుతుంది. అంత మూస్తే బొమ్మ పదును తగ్గుతుంది, సెన్సార్ మీది దుమ్ము చుక్కలుగా కనిపిస్తుంది. ఎఫ్ 2.8 కావాలంటే ఆరు స్టాపుల వెలుగును ఆపే ఎన్‌డీ 64 ఫిల్టర్ (లెన్సు ముందు పెట్టే నల్లటి అద్దం) వేయాలి. తిప్పుకునే వేరియబుల్ ఎన్‌డీ సౌకర్యమే గానీ, చివరిదాకా తిప్పితే ఫ్రేములో ఇంటూ ఆకారంలో నల్లటి నీడ పడుతుంది. పందిరి నీడలో అయితే ఎఫ్ 8 దగ్గర సరిపోతుంది. వెనక ఎండ ఎంత తెల్లబడినా ఫరవాలేదు, కొలత మాత్రం నీడలో ఉన్న ముఖానికే.

వెలుతురు నిజంగానే మారితే, ఉదాహరణకు జనరేటర్‌ మీదికి వెళ్లి సగం లైట్లు ఆగిపోతే, షాట్ ఆపి ఐఎస్ఓ ఒక్కటే మార్చి మళ్లీ మొదలుపెట్టాలి. షాట్ నడుస్తుండగా డయల్ తిప్పితే వెలుగు మెట్లు మెట్లుగా గెంతుతుంది, క్లిక్ శబ్దం కూడా రికార్డవుతుంది. ఆపడానికి వీల్లేని తంతు నడుస్తుంటే ముఖాన్ని మాత్రమే చూసుకుంటూ తిప్పండి.

వెనక పెట్టే ఎల్‌ఈడీ గోడలతో ఇంకో చిక్కు. వాటి మినుకు కరెంటుతో ముడిపడి ఉండదు. డిమ్ చేసినకొద్దీ చారలు పెరగవచ్చు. అక్కడ 1/50 పనిచేయకపోతే 1/40, 1/100 కూడా పరీక్షించి, ఏది శుభ్రంగా ఉంటే అది వాడాలి. అందుకే మండపం లైట్లు ముహూర్తానికి కనీసం అరగంట ముందు పూర్తిగా వెలిగించాలని, ఆ తర్వాత మార్చవద్దని డెకరేషన్ వాళ్లకు పెళ్లివారే చెప్పాలి.

మీ కెరీర్ పేజీల్లో ఫొటోగ్రఫీ, వీడియోగ్రఫీ శిక్షణ గురించి రాసేటప్పుడు కెమెరా ధరలతో సరిపెట్టకుండా ఈ వివరాలకు కూడా చోటివ్వాలని మా విన్నపం. పెళ్లివారు కూడా అడ్వాన్సు ఇచ్చేముందు వీడియోగ్రాఫర్ పాత పనిలో అడ్డుతెర దించిన షాట్ ఒక్కటి కోయకుండా చూపించమని అడగండి. తెర కిందికి దిగుతున్నప్పుడు ముఖాల వెలుగు మారితే, ఎక్స్‌పోజర్ ఎందుకు కట్టేయలేదని అక్కడే అడగండి.

– పెళ్లి వీడియోలు తీసే, ఎడిట్ చేసే కొందరు, విజయవాడ